సందులేని తలుపులు

మా మరిది, అంటే మా చెల్లెలి మొగుడు, వడ్రంగి. ఆ మాట అంటే అతనికి నచ్చదు. "వడ్రంగులు చాలామంది ఉన్నారు వదినా, నేను తలుపులు బిగిస్తాను" అంటాడు. నిజమే, తలుపులు చేసేవాళ్ళు వేరే. అవి ఎక్కడో షెడ్డులో తయారై లారీలో వస్తాయి. వచ్చిన తలుపు ఏ గుమ్మానికీ సరిగ్గా పట్టదు. పైన రుద్దుకుంటుంది, కింద వేలు దూరేంత సందు వదులుతుంది. అక్కణ్ణుంచి మా మరిది పని. పెడతాడు, తీస్తాడు, రవ్వంత చిత్రిక పడతాడు, మళ్ళీ పెడతాడు, మళ్ళీ తీస్తాడు. చూసేవాళ్ళకి విసుగొస్తుంది గానీ అతనికి రాదు. అంచుల్లో రబ్బరు పట్టీ దించి, చివరికి ఒక కొవ్వొత్తి వెలిగించి, మూసిన తలుపు చుట్టూ మెల్లగా తిప్పుతాడు. మంట వంగిందా, అక్కడ గాలి దూరుతున్నట్టు. నిటారుగా నిలబడిందా, పని అయినట్టు. ఆ కాసేపూ ఇంటివాళ్ళు కూడా మాటలు ఆపేసి మంట వైపే చూస్తారు.

ఈ సంగతులన్నీ నాకెలా తెలుసంటే, ఒకసారి పనిగట్టుకుని వెళ్ళి చూశాను. నాకు ఆరా ఎక్కువ. బస్టాండులో ఎంక్వైరీ కౌంటర్లో కూర్చునే ఉద్యోగం నాది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం నన్ను అడుగుతూనే ఉంటారు. ఏ బస్సు, ఎప్పుడు, ఎక్కడ ఆగుతుంది, ఎందుకు రాలేదు. డ్యూటీ దిగాక నా వంతు. కనబడిన ప్రతివాళ్ళనీ నేను అడుగుతాను. మా చెల్లెలు "అక్కా, నీ కౌంటరు ఇక మూసెయ్యవే" అని కసురుతుంది. మరిది నాకు ఎంక్వైరీ వదిన అని పేరు పెట్టాడు. ఆ పేరు మా చెల్లెలి కూతురికి కూడా తెలుసు. దానికింకా పలకమీద గీతలు గీసే వయసే, కానీ ఎవరైనా ఏదైనా అడిగితే "మా పెద్దమ్మని అడుగు" అంటుంది. దాన్ని మేమంతా బుడ్డిది అంటాం.

వాళ్ళు కొనుక్కున్న ఇల్లు పాతది. వీధి చివర, మలుపులో ఉంటుంది. కొన్న రోజున చూడ్డానికి వెళ్ళాను. మేం లోపలికి అడుగు పెట్టేసరికి గాలి మాకంటే ముందే వెళ్ళి కూర్చుని ఉంది. కిటికీ రెక్కలు ఒకదాన్నొకటి ముట్టుకోవు. వీధి తలుపు మూస్తే కింద నుంచి పిల్లి దూరొచ్చు. హాలు గోడకి పైన ఎత్తులో చిన్న వెంటిలేటరు, దానికి అద్దం లేదు, ఇనుప జాలీ మాత్రం ఉంది. ఆ జాలీలోంచి పిచ్చుకలు మమ్మల్ని చూసి ఎవరు వీళ్ళు అన్నట్టు అరిచాయి.

"ఇదేం ఇల్లు మరిదీ, జల్లెడలా ఉంది" అన్నాను.

అతను గోడలకేసి కాదు, గుమ్మాలకేసి చూస్తున్నాడు. కొత్త బొమ్మ దొరికిన పిల్లాడి మొహం. "వదినా, ఒక్క చలికాలం ఆగండి. ఈ ఇంట్లోకి చలి రావాలంటే నన్ను అడిగి రావాలి" అన్నాడు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గానీ, ఇల్లు బాగుచేసి చూడు అని ఎవరూ అనలేదు. బాగుచేసినవాళ్ళకి సామెత చెప్పే ఓపిక మిగిలి ఉండదేమో. హాలుకీ వంటింటికీ మధ్య గోడ కొట్టారు. పడకగది నేల తవ్వారు. తవ్వాక టైల్సు వేసేవాళ్ళు వేరే పని దొరికి మాయమయ్యారు. ఇటుకల కుప్ప ముందు వాకిట్లో, ఇసుక వెనక గుమ్మంలో, బట్టలు గోనెసంచుల్లో. ముగ్గురూ హాల్లోనే పరుపు వేసుకుని పడుకునేవాళ్ళు. మూలన ఒక గ్యాస్ హీటరు. ఇల్లు అమ్మినవాళ్ళు వదిలేసి పోయినది. చెల్లెలు దాన్ని తుడిచి, రుద్ది, తళతళలాడించి, "చూడవే, కొత్తదిలా లేదూ" అంది. నిజంగానే కొత్తదిలా ఉండేది.

చలి ఆ ఏడు తొందరగా వచ్చింది. బుడ్డిదానికి జలుబు చేసింది. ముక్కు కారడం, దగ్గు, రాత్రంతా ఖంగు ఖంగు. మరిదికి ఆ దగ్గు వింటే ప్రాణం పోయేది. పిల్లకి దగ్గొచ్చినప్పుడల్లా లేచి గుమ్మాల దగ్గర అరచెయ్యి పెట్టి, గాలి ఎక్కణ్ణుంచి వస్తోందో వెతికేవాడు. బయట పనులన్నీ వాయిదా వేసి సొంతింటి మీద పడ్డాడు. వీధి తలుపు మార్చాడు, వెనక తలుపు మార్చాడు, కిటికీలన్నిటికీ రబ్బరు దించాడు. చివరికి మిగిలింది ఆ పిచ్చుకల వెంటిలేటరు. దానికి చెక్క పలక కొట్టడానికి నిచ్చెనెక్కాడు. తవ్వి వదిలేసిన నేల మీద నిచ్చెన కాలు ఒరిగింది.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టే అయింది. కుడికాలు మడమ పైన విరిగింది. మోకాలి దాకా కట్టు, చంకల్లో కర్రలు. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి హాల్లో కుర్చీలో కూర్చుని కాలు స్టూలు మీద పెట్టుకుని ఉన్నాడు. మా చెల్లెలు నిచ్చెన మీద ఉంది.

"నువ్వెందుకే ఎక్కావు?" అన్నాను.

"ఆ పలక కొట్టేదాకా ఈయన అన్నం తినరట" అంది మేకు నోట్లో పెట్టుకుని.

"కుడివైపు ఇంకొంచెం లప్పం పెట్టు. అక్కడ... అక్కడ సందుంది" అంటున్నాడు కింద నుంచి మరిది, తన కాలి సంగతే మర్చిపోయి. పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే మనిషి. ఆ సాయంత్రం వెంటిలేటరు కూడా మూసుకుపోయింది. కొవ్వొత్తి ఇల్లంతా తిరిగొచ్చింది, మంట ఎక్కడా వంగలేదు. నేను కూడా చప్పట్లు కొట్టాను.

ఇక ఇక్కణ్ణుంచి నాకు అర్థం కాని సంగతి మొదలైంది.

బుడ్డిదానికి దగ్గు తగ్గింది. తగ్గి ఆడుకోవాల్సిన పిల్ల, ఆడుకోవడం మానేసింది. సోఫాలో ఒదిగి కూర్చునేది. అన్నం చూస్తే వాంతి. "తల నొప్పిగా ఉందమ్మా" అనేది. అంత చిన్నపిల్ల తలనొప్పి అనడం నేనెప్పుడూ వినలేదు. చెల్లెలికి కూడా పొద్దున లేస్తే తల దిమ్ము. మరిదైతే కుర్చీలోనే కునికిపాట్లు. పలకరిస్తే అరగంట తర్వాత జవాబిచ్చినట్టు ఇచ్చేవాడు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఊరంతా ఇదే జ్వరం, మందులు వాడండి, నీళ్ళు బాగా తాగించండి అన్నారు. ఆయన తప్పేం లేదు, ఆ రోజు ఆ వరండాలో సగం ఊరు దగ్గుతోంది.

కానీ నాకు ఒకటే దురద. జ్వరం అంటున్నారు, మరి ఒళ్ళు వేడెక్కడం లేదేం? థర్మామీటరు పెట్టి చూశాను, పిల్లకి లేదు. తల్లికి లేదు. మరిది "నాకెందుకు వదినా" అంటుంటే నోట్లో కుక్కాను, అతనికీ లేదు. ముగ్గురికి జ్వరం, ఒక్కరి ఒళ్ళూ కాలడం లేదు. ఇదెక్కడి విడ్డూరం?

మొదట నాకు నీళ్ళ మీద అనుమానం వచ్చింది. మరమ్మతులప్పుడు ట్యాంకులో సిమెంటు పడిందేమోనని మా ఇంటినుంచి బిందెలతో నీళ్ళు మోయించాను. ఏం మారలేదు. తర్వాత పాల మీద. పాలబ్బాయిని మార్చమన్నాను, చెల్లెలు నాకేసి చేతులు జోడించింది. ఆ తర్వాత రంగుల మీద. వంటింటి అలమరాలకి వేసిన వార్నిషు వాసన నాకెప్పుడూ గిట్టదు. డబ్బాలన్నీ బయట పెట్టించాను. వాసన పోయింది, జబ్బు పోలేదు.

"గుడ్డు మీద ఈకలు పీకకక్కా, చలికాలం జబ్బు, చలితో పాటే పోతుంది" అంది చెల్లెలు.

"నీ తలనొప్పి ఎప్పుడు మొదలవుతుంది, ఎప్పుడు తగ్గుతుంది? అది చెప్పు."

"అబ్బ, మొదలెట్టావా?"

"చెప్పవే."

చెల్లెలు కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. వెనకగదిలో మిషను ముందు కూర్చుని అద్దాలను ఫ్రేముకి తగ్గట్టు అరగదీస్తుంది. చాలా నిదానంగా చెయ్యాల్సిన పని, తలనొప్పితో చేసే పని కాదు. ఆలోచించి చెప్పింది. "పొద్దున వెళ్ళేటప్పుడు పగిలిపోతుంటుంది. మధ్యాహ్నం అన్నం వేళకి గుర్తే ఉండదు. ఇంటికొచ్చి కాసేపు కూర్చుంటే మళ్ళీ వస్తుంది. పనివల్లేమో."

"పనివల్ల వస్తే పనిలో రావాలి గాని, ఇంట్లో వస్తుందేంటే?"

అది నవ్వేసింది. "అయితే మా ఆయన వల్లేమో!" కుర్చీలోంచి మరిది కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

ఆ ఆదివారం బుడ్డిదాన్ని నాతో తీసుకెళ్ళాను. మా ఇల్లు చలి. మా కిటికీలు మరిది బిగించినవి కావు, అసలెవరూ బిగించినవి కావు. పిల్లకి రెండు స్వెట్టర్లు తొడిగి వదిలేశాను. సాయంత్రానికి అది మా మంచం ఎక్కి దూకుతోంది. పెట్టినదంతా తిని, ఇంకా పెట్టమంది. నా గాజులన్నీ చేతికి వేసుకుని మోచేతి దాకా తోసుకుంది. నయమైపోయిందని మురిసిపోయి దాన్ని ఇంటికి చేర్చాను. మర్నాడు డ్యూటీ దిగి చూడ్డానికి వెళ్తే, మళ్ళీ సోఫాలో ఒత్తిగిలి పడుకుని ఉంది. నన్ను చూసి లేవలేదు. కళ్ళు మాత్రం తిప్పింది.

నాకు అప్పుడు భయం వేసింది. అంతదాకా ఆరా, ఇప్పుడు భయం. మా చలి ఇంట్లో బాగున్న పిల్ల, ఈ వెచ్చటి ఇంట్లో ఎందుకిలా వాడిపోతోంది?

మరిది ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. "నువ్వు రోజంతా ఇక్కడే ఉంటావు. కాలు విరిగిన దగ్గర్నుంచి నీకు తల బాగున్న రోజు ఒక్కటైనా ఉందా?"

అతను కళ్ళు మూసుకుని వెతుక్కున్నాడు. "ఒక రోజు ఉంది వదినా. టైల్సు వాళ్ళు తిరిగొచ్చారు చూడండి, ఆ రోజు. చచ్చినంత చలి. వెనక తలుపు బార్లా తెరిచి ఇసుక మోశారు పొద్దుగూకేదాకా. మూయండ్రా నాయనా అని నేను అరుస్తూనే ఉన్నాను, ఎవరూ వినలేదు. ఆ కోపంలో తల తేలిగ్గా ఉన్నట్టుంది."

"కోపానికి తల తేలికవుతుందా ఎక్కడైనా?"

"ఏమో. మీరడిగారని చెప్పాను."

ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాను. రాత్రంతా, మర్నాడు కౌంటర్లోనూ అదే ఆలోచన. బయటికెళ్తే చెల్లెలికి బాగుంటుంది. మా ఇంటికొస్తే పిల్లకి బాగుంటుంది. తలుపు తెరిచి ఉంటే మరిదికి బాగుంటుంది. ఎవరో ఒకాయన అద్దం మీద తట్టి ఏదో బస్సు గురించి అడిగాడు. నేను ఆయన్ని తిరిగి అడిగాను, "ఏమండీ, ఇల్లు మనుషులకి జబ్బు చేస్తుందా?" ఆయన పక్క కౌంటరుకి వెళ్ళిపోయాడు. జబ్బు మనుషులది కాదు, ఆ ఇంటిది. అంతవరకు నాకు తెలిసింది. ఇంట్లో ఏముందన్నది తెలియలేదు.

డ్యూటీ కాగానే తిన్నగా వాళ్ళింటికి వెళ్ళాను. ఇంకా వెలుగుంది గానీ ఆ ఏటికల్లా గట్టి చలి ఆ రోజే. బెల్లు కొట్టాను. కరెంటు పనులు సాగుతున్నాయి, బెల్లు పలకలేదు. తలుపు తట్టాను. బాదాను. మరిది బిగించిన తలుపుని బాదితే గోడని బాదినట్టే ఉంటుంది, చప్పుడు లోపలికి వెళ్ళదు. ఇటుకల కుప్ప ఎక్కి కిటికీలోంచి చూశాను.

హీటరు ఎర్రగా వెలుగుతోంది. దాని ముందు పరుపు మీద చెల్లెలు, ఇంకా దుకాణానికి వేసుకెళ్ళిన బట్టల్లోనే, పిల్లని పొట్టకి ఆనించుకుని పడుకుని ఉంది. మరిది కుర్చీలో, తల పక్కకి వాలిపోయి. ఎంత హాయిగా నిద్రపోతున్నారు అనుకున్నాను. నిజంగా ఒక్క క్షణం అలాగే అనుకుని, లేపడమెందుకులే అని కిందికి దిగబోయాను. అప్పుడు మరిది చెయ్యి చూశాను. కుర్చీ పక్కన వేలాడుతోంది, దాని కింద టీ గ్లాసు పడి ఉంది, టీ అతని కట్టు మీదంతా ఒలికి ఉంది. వేడి టీ ఒలికితే లేవని నిద్ర ఏం నిద్ర?

ఇటుక తీసుకుని అద్దం మీద విసిరాను. మొదటిసారి పగల్లేదు, అదీ గట్టిగానే బిగించాడు. రెండోసారి పగిలింది. చెయ్యి లోపలికి పెట్టి గడియ తీసుకుని, ఎలా దూకానో నాకే తెలియదు, ఈ ఒళ్ళు వేసుకుని. వీధి తలుపు తెరిచాను, వెనక తలుపు తెరిచాను. పిల్లని ఎత్తుకుంటే మెడ నిలబడలేదు. వాకిట్లోకి తీసుకొచ్చి పేరు పెట్టి పిలిచాను, చెంపలు తట్టాను, ముద్దులు పెట్టాను, తిట్టాను. పలకలేదు. వీధివాళ్ళు వచ్చారు. వాళ్ళ సాయంతో చెల్లెల్నీ మరిదినీ బయటికి లాక్కొచ్చాం. చల్లగాలి తగిలి మరిదికి కాస్త తెలివొచ్చింది. కళ్ళు విప్పి, పగిలిన కిటికీ చూసి, ముద్దమాటలతో అన్నాడు, "అద్దం... పగలగొట్టారా వదినా? చలి... వస్తుంది."

నాకు నవ్వు రాలేదు. ఏడుపొచ్చింది.

ఆసుపత్రిలో ముగ్గురికీ ఆక్సిజన్ మాస్కులు పెట్టారు. నేను ఏడుస్తూనే నీళ్ళ గురించీ పాల గురించీ రంగుల గురించీ చెప్పుకుపోతున్నాను. నర్సమ్మ అంతా విని ఒకే ప్రశ్న వేసింది. "ఇంట్లో వెచ్చదనానికి ఏం వెలిగిస్తారు?"

ఇన్ని అడిగిన నేను అదొక్కటి అడగలేదు. ఆ హీటరు అంత మెరుస్తుంటే దాన్నెవరు అనుమానిస్తారు? గాలి చాలని చోట గ్యాసు సరిగా కాలదని, అలా కాలితే విషం పుడుతుందని, దానికి వాసన గానీ రంగు గానీ ఉండవని ఆవిడ చెప్పింది. "పాత ఇళ్ళల్లో ఎక్కడో అక్కడ సందులుంటాయి, సగం వాటిలోంచి పోతుంది. మీ ఇంట్లో ఎటూ దారి లేదా?" అంది.

"లేదమ్మా. మా మరిది చాలా బాగా బిగించాడు" అన్నాను.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదే జరిగింది. పిల్ల దగ్గు చూడలేక ఒక్కొక్క సందూ మూశాడు. ఇంకో మనిషెవరైనా మూసి ఉంటే ఎక్కడో ఓ చోట వదిలేసేవాడు, బద్ధకానికో, చేతకాకో. ఇతను వదల్లేదు.

ముందు చెల్లెలు లేచింది. బుడ్డిది తెల్లారేసరికి కళ్ళు తెరిచింది. అందర్నీ వరసగా చూసి, "పెద్దమ్మా, నా చెప్పులేవి?" అంది. నేను దాన్ని ఒట్టికాళ్ళతో ఎత్తుకొచ్చేశానని దానికి కోపం. చెల్లెలు ఆ మాటకే భోరుమంది. అంత ముద్దు మాట నేను నా జన్మలో వినలేదు. పరుగెత్తి వెళ్ళి పక్క వార్డులో మరిదికి చెప్పాను. "లేచింది! చెప్పులు అడుగుతోంది!"

అతని కళ్ళల్లోంచి నీళ్ళు కారి మాస్కు అంచు కిందికి పోయాయి. తర్వాత మాస్కు పక్కకి జరిపాడు.

"వదినా, ఈ చలికాలం నేను ఎన్ని ఇళ్ళు బిగించాను?"

నాకు ముందు అర్థం కాలేదు. "ఇప్పుడు పని గొడవెందుకు నాయనా, పడుకో."

"అందరూ పిల్లలకి చలేస్తోందని, ముసలాళ్ళకి చలేస్తోందనే పిలిచారు. ఎవరింట్లో ఏం వెలిగిస్తున్నారో నేనెప్పుడూ చూడలేదు. గుమ్మం తప్ప ఇంకేమీ చూడలేదు." నా వైపు చెయ్యి చాపాడు. "ఫోను ఇవ్వండి."

అన్ని ప్రశ్నలు వేసే నాకు ఈ ప్రశ్న తట్టనే లేదు. అతని ఫోనులో పేర్లకి బదులు తలుపులుంటాయి, రెండు రెక్కల నీలం తలుపు, పోస్టాఫీసు వెనక గాజు తలుపు, ఇలా. ఒక్కొక్కటీ నేను నొక్కి ఇవ్వడం, అతను మాట్లాడడం. "అమ్మా, నేను తలుపు బిగించినవాణ్ణి. మీ ఇంట్లో గ్యాసు గాని, బొగ్గులు గాని వెలిగిస్తారా? ఎవరికైనా తలనొప్పులు, వాంతులు ఉన్నాయా?" పొద్దున్నే ఈ ప్రశ్నలేంటని కొందరు విసుక్కున్నారు. ఎక్కువమందివి కరెంటు హీటర్లే. బొగ్గులు వాడే ఒకావిడ మాత్రం "ఎలా తెలిసింది బాబూ?" అంది. వెంటనే ఆపి, తలుపులు తీసి, పిల్లల్ని తీసుకుని పక్కింటికి వెళ్ళమన్నాడు. వెళ్ళేదాకా ఫోను పెట్టనివ్వలేదు.

ఒక నంబరు మాత్రం ఎంతకీ ఎత్తలేదు. మా డిపోలోనే రిటైరైన డ్రైవరు బాబాయి, ఆయన భార్య. ఇద్దరే ఉంటారు. ఆయన ఇంటికి మరిది రెండుసార్లు వెళ్ళాడు. మొదటిసారి బిగించాక కింద కాస్త చలి తగుల్తోందంటే మళ్ళీ వెళ్ళి ఆ కాస్త కూడా మూసొచ్చాడు. అక్కడ గ్యాస్ హీటరు ఉందని నాకే గుర్తు, నేనే వాళ్ళకి మరిది సంగతి చెప్పింది.

"నేను వెళ్ళి చూసొస్తాను" అన్నాను.

"నేను వేసిన తలుపు వదినా" అని అప్పటికే కర్రలు అందుకుంటున్నాడు. నర్సమ్మ అడ్డం వచ్చింది. డాక్టరు వచ్చి కేకలేశారు. చెల్లెలి చేత చెప్పిస్తే వింటాడని అతన్ని ఆమె మంచం దగ్గరికి తీసుకెళ్ళారు. చెల్లెలు పిల్లని ఒళ్ళో పెట్టుకుని ఉంది. మొగుడి మొహంలోకి చూసింది. "వెళ్ళిరండి" అంది.

టాక్సీలో దారంతా అతను ఆ నంబరే మళ్ళీ మళ్ళీ నొక్కుతున్నాడు. నేను ఏమీ అడగలేదు. ఆ ఇంటి ముందు దిగాక కర్రతో తలుపు మీద కొట్టాడు. జవాబు లేదు. చెవి ఆనించి విన్నాడు. నేను మరిది మొహం చూడలేక పక్కకి తిరిగాను. మళ్ళీ కొట్టాడు, ఈసారి రెండు చేతులా, కర్రలు రెండూ కింద పడేసి, తలుపు పట్టుకుని నిలబడి. "బాబాయిగారూ! పిన్నిగారూ!"

లోపల గడియ కదిలింది. ముసలావిడ తలకి గుడ్డ కట్టుకుని తలుపు తీసింది. "ఎవరూ... నువ్వా నాయనా. తల తిరిగిపోతోంది, లేవలేక... ఆయనా పడుకునే ఉన్నారు. ఈ పాడు జ్వరం మమ్మల్ని వదలట్లేదు."

మరిది ఆ గుమ్మంలోనే కూలబడ్డాడు. విరిగిన కాలు ఎటు పోయిందో కూడా చూసుకోలేదు. ఆవిడ రెండు చేతులూ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "బయటికి రండమ్మా. ముందు మీరు బయటికి రండి" అంటాడు, ఏడుస్తాడు, మళ్ళీ అదే అంటాడు. నేను లోపలికెళ్ళి హీటరు ఆపాను, కిటికీలు తీశాను, డ్రైవరు బాబాయిని లేపి నడిపించుకొచ్చాను. ఇద్దరినీ వాకిట్లో ఎండపొడలో కుర్చీలు వేసి కూర్చోబెట్టి, దుప్పట్లు కప్పి, ఆసుపత్రి బండికి ఫోను చేశాను.

గాలి తగిలాక బాబాయికి మెల్లగా తల తేలికపడింది. తేలికపడగానే కోపం కూడా వచ్చింది. బార్లా తెరిచి ఉన్న తన తలుపు చూసుకున్నాడు.

"ఏమయ్యా, ఇంత చలిలో తలుపులన్నీ తీసి పెడతావా? నీ పని అంత మెచ్చుకున్నానే! ఈ తలుపు చూపించి, ఈ వీధిలో నలుగురి చేత సందులన్నీ మూయించాను తెలుసా? నువ్వు కూడా అక్కర్లేదు, అదే రబ్బరు తెచ్చుకుని ఎవరికి వాళ్ళే మూసుకున్నారు."

మరిది కళ్ళు తుడుచుకున్నాడు. చెయ్యి చాపి నా భుజం పట్టుకుని లేచాడు. నేను కర్రలు అందించాను.

"ఆ నలుగురి ఇళ్ళు ఏవో చూపించండి బాబాయిగారూ" అన్నాడు.